ఎడమకి రెండడుగులు

సిమిలిగుడలో నా స్టూడియోలో
రోజంతా ఒకటే మాట:
గడ్డం కొంచెం పైకి, కళ్ళు మూయకండి.
పాస్‌పోర్టు ముఖాలు, పెళ్ళిసంబంధాల ముఖాలు,
కార్డుల కోసం నవ్వు మింగుకున్న ముఖాలు.
కొండకి ఆ మాట చెప్పలేం.
దాని గడ్డం అదెప్పుడో పైకెత్తేసింది.

జయపురంలో హోటలు కడుతున్న పాత్రుడుగారు
రిసెప్షన్ గోడ కొలత ఇచ్చారు, పన్నెండడుగులకి ఏడు.
"దేవమాలి కావాలి. చలి కనిపించాలి.
మనుషులొద్దు, స్తంభాలొద్దు.
చూసినవాడు ఏసీ తగ్గించమనాలి."

పుష్యమాసం, తెల్లవారుజాము నాలుగు.
బండి హ్యాండిలు మీద వేళ్ళు నావి కావు.
వలిసెపూల పసుపు ఎప్పుడో కోతకి పోయింది.
గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు,
అడుగేస్తే అప్పడం విరిగిన చప్పుడు.
బ్యాటరీ చలికి చచ్చింది.
చంకలో పెట్టుకుని పొదిగాను,
కోడిపెట్టకీ నాకూ తేడా లేని పావుగంట.

కింద లోయ నిండా పొగమంచు,
పొంగబోయి ఆగిపోయిన పాలు.

విజయనగరంలో డార్క్‌రూమ్ నేర్పిన లచ్చయ్య మేస్త్రి అనేవాడు:
ఫొటో అంటే తీయడం కాదురా, తీసేయడం.
తీసేశాను.
ఆకాశంలో సగం కంటే ఎక్కువే తీసేశాను.
ట్రైపాడ్ ఒక కాలు కుదించి
సెల్ టవర్ని బండరాయి చాటుకి తోశాను.
కొండని కొలిచినవాళ్ళు పాతిపోయిన రాయి,
ఎర్రరంగు, పదిహేడో నెంబరు.
దాని మీద నా సంచీ పెట్టాను.
మిగిలింది కరెంటు స్తంభం.
ఎడమకి జరిగాను, ఒకడుగు,
ఇంకో అడుగు.
ఉసిరి కొమ్మ దాన్ని మింగేసింది.

సూర్యుడు ఆంధ్రా వైపు నుంచే వచ్చాడు,
సుంకి చెక్‌పోస్టులో ఎవరూ ఆపలేదు.
శిఖరం అంచున రాగి తీగ ఒకటి సాగింది.
ఊపిరి బిగబట్టాను,
వదిలితే నా ఆవిరే బొమ్మలో పడుతుందని.
నొక్కాను.

వెనక ఎవరో దగ్గారు.
నెత్తి మీదుగా గొంగడి, నిప్పు నోటిలోపలికి పెట్టిన అడ్డపొగ.
దొమయి జాని.
"ఏటి బాబూ, అంతసేపు సూస్తన్నావు?"
సాలూరు సంతలో అల్లం అమ్మి నేర్చుకున్న తెలుగు.

తెర చూపించాను.
బాగుందనలేదు.
తప్పిపోయిన మేకని వెతికేవాడిలా చూశాడు.
పగిలిన గోరు తెర మీద నడిచింది:
"ఇది మేం దిగే దారి.
ఇక్కడ నీళ్ళుంటాయి, ఎండల్లో కూడా.
ఇక్కడ మా పెద్దయ్యని పెట్టినాం.
మరి మా ఇల్లేదీ?"

ఉసిరి కొమ్మ వెనక.
స్తంభం వెనక.
స్తంభం వచ్చి రెండేళ్ళయిందట,
కరెంటు దారిలో ఉందట.

"ఇంత కొండ పట్టింది నీ డబ్బాలో,
నా ఇల్లు పట్టలేదా?"
నవ్వాడు.
నేను నవ్వలేదు. పెదాలు చలికి బిగుసుకుపోయాయి,
అలాగే చెప్పుకుంటున్నాను.

కుడికి రెండడుగులు వేసి మళ్ళీ తీశాను.
అప్పటికి వెలుగు తెల్లబడింది.
స్తంభం, పెంకుల కప్పు, చోడిగడ్డి కుప్ప,
వాకిట్లో వంగి ఊడుస్తున్న ఆమె వీపు.
మామూలు బొమ్మ. పోస్టుకార్డు సైజులో వేసి
వారం తర్వాత ఇచ్చొచ్చాను.
ఆవు పడలేదని సణిగాడు.

గోడ మీది బొమ్మకి డబ్బులు పూర్తిగా ముట్టాయి.
దాని కింద పెట్టెలు దించుకుంటారు,
గది తాళాలు అడుగుతారు.
ఉసిరి కొమ్మ పైన ఒక్కచోట
మంచు కొంచెం నీలంగా, నిలువుగా లేస్తుంది.
అంబలి పొయ్యి అది.
దాన్ని దాచడానికి
ఎడమన ఇక చోటు లేదు, లోయే.

"అక్కడ మంచు భలే పడిందయ్యా" అన్నారు పాత్రుడుగారు,
వేలు పెట్టి చూపిస్తూ.
ఆఁ, అన్నాను.